తోడుకోని పాలపుంత

“క్వేజార్ అంటుకుంది!” అని మా ఆవిడ వకుళ ఇంటర్‌కమ్‌లో అరిచింది.

నాకు “క్వార్టర్ అంటుకుంది!” అని వినిపించింది.

ఇందులో నా చెవి తప్పేమీ లేదు. అటు ఆవిడ పనిచేసే గుహ హోరు, ఇటు పోపు చిటపట, నడుమ నేను. పైగా “అంటుకుంది” అన్న మాట చెవిన పడ్డాక ఏది అంటుకుందో విచారించేవాడు వేదాంతి అవుతాడు గానీ సంసారి కాడు. గరిటె పారేసి వీధిలోకి ఉరికి, “క్వార్టర్లు అంటుకున్నాయి! లేవండి, రండి, నీళ్ళు తెండి!” అని ఉన్న గొంతంతా వాడేశాను. నా గొంతు చిన్నది కాదు. జూనియర్ కాలేజీలో నేను తెలుగు చెప్పే రోజుల్లో పక్క ఊరి పిల్లలకు కూడా సంధులు వచ్చేశాయని ప్రతీతి. గొగ్గిలకొండ కాలనీ మొత్తం బకెట్లతో బయటపడింది. ల్యాబ్ డైరెక్టర్ యతిరాజులుగారు సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో వచ్చి, ఏ ఇంటి మీద పోయాలో తెలియక నా మీద పోశారు. ఆ నీళ్ళలోనే నా కాలు జారింది. వరండా మెట్ల కింద పడేసరికి మోకాలి దిగువన చెరకుగడ విరిచిన చప్పుడైంది.

సరిగ్గా అప్పుడే వకుళ గుహలోంచి పరుగెత్తుకొచ్చింది. ముఖం మతాబులా ఉంది.

“వెలిగింది శేషూ, వెలిగింది!”

“విరిగింది వకుళా, విరిగింది!”

నా పూర్తి పేరు శేషశయనం. పెట్టిన తాతగారికి ముందుచూపు ఎక్కువ. ఆ రోజు నుంచి పేరుకు తగ్గట్టు పడకేశాను. భార్య ఉద్యోగం కోసం నా ఉద్యోగం వదిలేసి కదిరి దాటి ఈ బోడికొండ ఎక్కినవాణ్ణి. దీన్ని ఇల్లరికం అనకూడదు, కొండరికం అనాలి.

వకుళ వెలిగించినదేమిటో చెప్పాలి. పెద్ద గెలాక్సీల నడిబొడ్డున ఒక మహా కృష్ణబిలం ఉంటుంది. కృష్ణుడు వెన్నతో సరిపెట్టుకున్నాడు గానీ ఈ బిలం వెలుగును కూడా వదలదు. దాని నోట పడబోయే వాయువు మాత్రం పడేముందు గిరగిరా తిరిగి, కాగి, ఆ గెలాక్సీలోని నక్షత్రాలన్నీ కలిసినా సాటిరానంతగా మండుతుంది. ఆ మండే నడిబొడ్డే క్వేజార్. విచిత్రమేమిటంటే, అలా వెలిగిన గెలాక్సీలు చాలావాటిలో ఆ తర్వాత కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగిపోతుంది. ఉన్నవి ఎర్రబడి ముసలివవుతాయి. ఉయ్యాల ఊగదు. ఎందుకని? వకుళ పదహారేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్నతోనే కాపురం చేస్తోంది. నేను ఆ కాపురంలో పేయింగ్ గెస్టుని.

ఆకాశంలో ఉన్నదాన్ని చేత్తో తాకలేం కాబట్టి, కొండ కింది గుహలో అయస్కాంతాల సీసా ఒకటి కట్టి, అందులో గోళీకాయంత మంటను సుడి తిప్పారు. నిజం కృష్ణబిలం కాదు, దాని బొమ్మ. పిల్ల క్వేజార్. ఒకసారి వెలిగించాక ఆర్పితే ఆ అయస్కాంతాల చుట్టలు పగిలిపోతాయి. మళ్ళీ వెలగదు. ఒకే వత్తి, ఒకే దీపం.

కాలికి కట్టు కట్టారు. కట్టుకున్నావిడ గుహలో, కట్టిన కట్టు మంచం మీద. అయినా ఒక మేలు జరిగింది. అంతకుముందు వారానికి రెండు రోజులు గుహలోనే పడుకునే వకుళ, నా కాలి పుణ్యమా అని రోజూ మధ్యాహ్నం ఇంటికి రావడం మొదలెట్టింది. వచ్చి అన్నం పెట్టేది. ఒక్కోసారి తను కూడా తినేది.

అలా వచ్చిన ఒకనాడు పొయ్యి మీద పాలు పెట్టి, ఏదో ఆలోచిస్తూ గరిటెతో తిప్పుతూనే ఉంది.

“అట్లా తిప్పితే మీగడ కట్టదు తల్లీ,” అన్నాను మంచం మీంచి.

గరిటె ఆగింది. తర్వాత కావాలని మళ్ళీ తిప్పింది. “చూడు శేషూ. పాలు ఎక్కడికీ పోలేదు. ఒలకలేదు, ఇగరలేదు. కానీ మీగడ రాదు. కుదురుగా నిలబడి, చల్లారి, ఒకదాన్నొకటి పట్టుకుంటేనే కదా వచ్చేది. గెలాక్సీలో వాయువు కూడా అంతేనని నా అనుమానం. నడిబొడ్డు దాన్ని తన్ని తరిమేస్తుందని అందరూ అంటారు. తరమక్కర్లేదు. కుదురుగా ఉండనివ్వకపోతే చాలు.”

“ఇది నిరూపిస్తే?”

“నిరూపిస్తే అన్నీ అర్థమవుతాయి,” అంది. ఆ ‘అన్నీ’లో మనం కూడా ఉన్నామా అని అడగబోయాను. అప్పటికే చెప్పులేసుకుంది.

ఆ తర్వాతి రోజుల్లోనే కాలనీలో పెరుగు పెరగడం మానేసింది. సాయంత్రం తోడేసిన పాలు పొద్దున్నకు పాలలాగే ఉండేవి, కాకపోతే కాస్త సిగ్గుపడుతూ. అందరం కలిసి పాలుపోసే ఓబులమ్మ మీద పడ్డాం. ఆవిడది కొండ కింది పల్లె.

“నీళ్ళు కలిపింటే నా కండ్లు పోవాల సామీ!” అని ఆవిడ క్యాన్లు దించి నడుం మీద చేతులు పెట్టింది. “ఇవే పాలు మా ఇంట్ల తోడేస్తే కత్తితో కోయాల, అంత గడ్డ! మీ తోడు!”

“మా తోడే కదమ్మా తోడుకోనిది!”

కాలనీ నవ్వింది. నవ్వింది కాబట్టి అక్కడితో వదిలేసింది. జోకులతో వచ్చిన చిక్కే ఇది, నవ్వేశాక ఎవరూ వెతకరు.

దోసెల పిండి పులియలేదు. యతిరాజులుగారు తొట్టిలో చల్లిన మెంతులు మొలకెత్తలేదు. ఒక్క ఇంట్లో మాత్రం పెరుగు రాయిలా తోడుకునేది. అది ఆయన ఇల్లే. ఆయన భార్య మందాకినిగారు అరవైకి దగ్గరపడిన మనిషి. పిల్లలు లేరు. ఆయనేమో గుహ మనిషి. ఇప్పుడు కాలనీ ఆడవాళ్ళంతా సాయంత్రం గిన్నెలు పట్టుకుని ఆవిడ వరండాకి చేరేవారు. ఆ తోడు వేసినా వాళ్ళ పాలు తోడుకునేవి కావు, అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళేవారు. దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు కాబట్టి పొద్దుగూకక ముందే వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళు కాసేపు కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళకు ఆవిడ కాఫీ ఇచ్చేది. మా వరండాలో పడుకున్న నాకు ఆ మాటల చప్పుడు పండగలా వినిపించేది.

ఇక నా కాలు. కదిరి ఎముకల డాక్టరు హనీఫ్‌గారు ఎక్స్‌రేని కిటికీకి పెట్టి చూసి తల గీరుకున్నారు.

“ముక్కలు రెండూ పక్కపక్కనే కరెక్టుగా కూర్చునుండాయి సార్. కానీ పలకరించుకోవడం ల్యా.”

“మా ఇంట్లో అది మామూలే డాక్టరుగారూ,” అన్నాను. ఆయన నవ్వలేదు. ఆయనకు పెళ్ళయి చాలాకాలమై ఉండాలి.

లోపల చీము చేరిందని తన ఆసుపత్రిలోనే కొన్నాళ్ళు ఉంచుకున్నారు. అక్కడ ఉండగా ఎక్స్‌రేలో విరిగిన చోటు చుట్టూ మంచులాంటి తెల్ల మసక కనబడింది. ఎముక అతకడానికి అదే మొదలట. సంతోషంగా కొండకు తిరిగొచ్చాను. తర్వాతి ఎక్స్‌రేలో ఆ మసక లేదు. మొదలైంది కాస్తా మొదలు కానట్టే ఉంది.

అప్పుడు నా బుర్రలో ఎముక, పెరుగు, మెంతులు ఒక వరసలో నిలబడ్డాయి.

“వకుళా, నీ క్వేజార్ ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఊగుతుందని ఒకసారి అన్నావు, గుర్తుందా? చెవికి అందని హోరు, రాయిలోంచి పాకుతుందని. అది మమ్మల్ని కూడా గరిటెతో తిప్పుతోందేమో. ఇక్కడ ఉన్నవి ఉంటున్నాయి గానీ కొత్తగా ఏదీ కుదురుకోవడం లేదు.”

తను నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నేను శ్లేష లేకుండా మాట్లాడినందుకే సగం భయపడి ఉంటుంది. మర్నాడే ఓబులమ్మ పాలు ఒకే గిన్నెలో కాచి, ఒకే తోడు కలిపి, ఒకేలాంటి స్టీలు గ్లాసుల్లో పోసి, గుహ దగ్గర నుంచి కొండ కింది పల్లె దాకా ఇంటికొకటి చొప్పున పెట్టించింది. పొద్దున్నే తనే తిరిగి చూసొచ్చింది. పల్లెలో గడ్డపెరుగు. కాలనీలో ఇంటింటా పాలు. నా గుండె ఎగిరింది.

“కానీ శేషూ,” అంటూ కుర్చీలో కూలబడింది, “మందాకినిగారింట్లో గ్లాసు బోర్లించినా పెరుగు కింద పడలేదు. గుహకు అందరికంటే దగ్గరిల్లు అదే. హోరు వల్లే అయితే అన్నిటికంటే ముందు అక్కడే తోడుకోకూడదు. ఒక్క గ్లాసు చాలు, సిద్ధాంతం పోవడానికి.”

“ఒక్క గ్లాసు కోసం ఒక కాలా?”

“నా ఇష్టం కాదు కదా. పెరుగు అక్కడుంది, నా కళ్ళతో చూశాను.”

అప్పుడు కోపం వచ్చింది నాకు. “గాయం మానదు, నువ్వు పని మానవు. నువ్వు మానితే గాని అది మానదు!” అన్నాను. పదిమందిలో అని ఉంటే చప్పట్లు పడేవి. తను గ్లాసులన్నీ కడిగి బోర్లించి, గుహకు వెళ్ళిపోయింది.

కదిరిలోనే ఉండిపోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. హనీఫ్‌గారు కూడా అడిగారు. నేను వెళ్తే మా ఇంటికి తాళం పడుతుంది. వకుళ ఆ గుహలోంచి ఎండలోకి రావడానికి ఉన్న ఒకే ఒక కారణం ఈ విరిగిన కాలు. అది అతికినా కష్టమే, అతకకపోయినా కష్టమే. రోజుకొక గంట భార్య కోసం మనిషి ఎంతకాలం కుంటగలడో అంతకాలం కుంటాను అనుకున్నాను.

చీము మళ్ళీ చేరింది. ఈసారి హనీఫ్‌గారు ఎక్స్‌రే వైపు చూడకుండా నా వైపు చూశారు. “ఇంగ పైకి పాకితే ప్రాణానికే మోసం సార్. మోకాలి కిందికి తీసేద్దాం.”

నేను ఆసుపత్రికి బయలుదేరిన రోజు కాలనీ అంతా మా వరండాలో చేరింది. ల్యాబ్ బస్సు నడిపే మస్తాన్ వెనక సీటు తీసేసి పరుపు వేశాడు. వకుళ నా లుంగీలు మడతపెట్టి సంచిలో పెడుతోంది. ఒకే లుంగీని నాలుగుసార్లు మడతపెట్టింది.

“ఏమీ బెంగ పడకండి,” అన్నాను అందరితో, గొంతు ఎప్పటిలాగే పెట్టి. “రేపట్నుంచి చెప్పుల షాపువాడు నాకు సగం రేటుకే ఇస్తాడు.”

ఎవరూ నవ్వలేదు.

మందాకినిగారు వెండిగిన్నెతో ముందుకొచ్చింది. ప్రయాణానికి ముందు నోట చెంచాడు పెరుగు వేయాలని. “నోరు తెరు తమ్ముడూ,” అంది. చెంచా నా పెదాల దాకా వచ్చి ఒరిగి, పెరుగు నా చొక్కా మీద పడింది.

“పర్లేదు అక్కయ్యగారూ, మళ్ళీ వెయ్యండి. మీ ఇంట్లో పెరుగుకేం కొదవ?”

బస్సు మెట్టు మీద నుంచి మస్తాన్ అన్నాడు: “అమ్మా, ఇంగ చెప్పేయండమ్మా. సారు కాలు పోతాంది. నేనింగ ఆ క్యారియరు మోయలేను.”

“ఏ క్యారియరు?” అన్నారు యతిరాజులుగారు.

మందాకినిగారు గిన్నె కింద పెట్టి, పైటచెంగు చేతిలో నలుపుతూ చెప్పింది. ఎవరికో ఒకరికి కాదు, అందరికీ వినబడేట్టు.

“మా ఇంట్లో పెరుగు తోడుకోవడం లేదు. అసలు మొట్టమొదట ఆగిపోయింది మా ఇంట్లోనే. రోజూ పొద్దున్న మస్తాన్ కదిరి నుంచి క్యారియర్‌లో తెస్తున్నాడు. అదే మీకు తోడుగా ఇస్తున్నాను. ఆ రోజు వకుళమ్మ పెట్టిన గ్లాసు కూడా పారబోసి కదిరి పెరుగు నింపాను.”

“ఎందుకే?” అన్నారు ఆయన. ఆ “ఎందుకే”లో కోపం లేదు, తెలియకపోవడం ఉంది.

“గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్ళతో లేదని ఎట్లా అనను? మీరు గుహలోకి వెళ్తే ఎప్పుడొస్తారో నాకు తెలియదు. ఇంతకుముందు మా ఇంటికి ఎవరొచ్చేవాళ్ళు? తోడు కోసం వీళ్ళు రావడం మొదలెట్టాకే సాయంత్రం అంటే ఏంటో చూశాను. మా ఇంట్లోనూ లేదంటే రేపట్నుంచి ఎవరూ రారు. పెరుగే కదా అనుకున్నాను. దానికీ తమ్ముడి కాలికీ లంకె ఉందని, బస్సులో మాటలు విని మస్తాన్ నిన్న చెప్పేదాకా నాకెవరూ చెప్పలేదు. ఆ గ్లాసు ఎందుకు పెడుతున్నారో కూడా చెప్పలేదు. పెట్టారు, వెళ్ళారు.”

నిజమే. ఎవరూ చెప్పలేదు. వకుళ గ్లాసు ఇచ్చి “రేపొస్తాను” అని మాత్రం అంది.

నేను వకుళ వైపు చూశాను. ఆ ముఖం నేను మర్చిపోలేను. మొదట సంతోషం వచ్చింది. పెదాలు కదులుతున్నాయి, కళ్ళు గాలిలో లెక్క వేస్తున్నాయి. ఆ ఒక్క గ్లాసు అబద్ధమైతే మిగతావన్నీ ఒకే గీత మీద నిలుస్తాయి. తరమక్కర్లేదు, కుదరనివ్వకపోతే చాలు. పదహారేళ్ళ ప్రశ్నకు జవాబు మా వరండాలో, స్టీలు గ్లాసుల్లో. ఆ తర్వాత, ఒక గుక్క ఆలస్యంగా, తన చూపు దిగి నా కాలి మీద పడింది. అప్పుడు తనకు కూడా తెలిసింది, ఏది ముందొచ్చిందో నేను చూశానని.

“అందరూ దిగిపోవాలి,” అంది. “ఈరోజే. కాలనీ ఖాళీ చేయాలి.”

“ఆర్పేద్దామా వకుళా?” అన్నారు యతిరాజులుగారు. “నువ్వు ఆర్పేయమంటే ఇప్పుడే ఆర్పేస్తాను.”

తను నన్ను అడిగింది, కళ్ళతోనే. ప్రతిదానికీ ఒక మాట ఉన్నవాణ్ణి నేను. ఆర్పెయ్ అంటే ఆర్పేస్తుంది. ఆర్పి, నా పక్కన కూర్చుని, జీవితాంతం ఆరిపోయినదాని వైపే చూస్తుంది.

“ఎన్నాళ్ళు నడవాలి?” అన్నాను.

“చలికాలం దాకా. పాలు, గ్లాసులు లోకం ఒప్పుకోదు. సరైన కొలతలు కావాలి.”

“మరి ఎవరుంటారు?”

“ఒక్కరు చాలు. నేనుంటాను.”

“నేనూ…”

“నువ్వుంటే కాలు పోతుంది శేషూ.”

మస్తాన్ బస్సు స్టార్ట్ చేశాడు. మందాకినిగారు నా పక్క సీట్లో కూర్చుని, దారంతా నా చొక్కా మీది పెరుగు మరకను తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది.

హనీఫ్‌గారు కాలు తీయలేదు. “కొండ దిగినారు కదా, కొన్నాళ్ళు చూద్దాం” అన్నారు. చీము తీసి, ఆసుపత్రి వెనక గదిలో పెట్టారు. చూస్తుండగానే ఆ మంచు మసక మళ్ళీ వచ్చింది. ఈసారి పోలేదు. చిక్కబడింది. ముక్కలు పలకరించుకున్నాయి.

సాయంత్రం సాయంత్రం వకుళ ఫోన్ చేసేది. మొదట్లో కొలతల గురించి చెప్పేది. తర్వాత తర్వాత అవీ తగ్గిపోయాయి. నేను కదిరి సంతలో విన్న మాటలన్నీ కలిపి జోకులు కుట్టి వినిపించేవాణ్ణి. ఒకనాడు మధ్యలో ఆపింది.

“ఇల్లంతా నేనే ఉన్నాను శేషూ. ఏ గదిలోకి వెళ్ళినా నేనే. ఇంకెవరూ పట్టడం లేదు.”

“దిగిరా” అనలేదు నేను. అనకపోవడం ఎంత కష్టమో నా నోరు తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

చలి ముదిరాక తనే ఆర్పింది. చుట్టలు పగిలిన చప్పుడు కొండ కింద ఓబులమ్మ వాళ్ళ పల్లె దాకా వినబడిందట. జవాబు దొరికింది. గెలాక్సీలు దెబ్బ తగిలి చావవు, కుదురు దొరక్క ఆగిపోతాయి. లోకం ఆశ్చర్యపోయింది, పేపర్లలో ఫోటో వేసింది. ఆ ఫోటో రాకముందే, ఆర్పిన మర్నాడే మస్తాన్ బస్సులో ఒక్కతే దిగింది. చిక్కిపోయింది. నేను కర్ర పట్టుకుని ఎదురు నడిచాను. నడవడం చూసి ఏడ్చింది.

గదిలోకి వచ్చాక గమనించాను. ఎడమ చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. విప్పి చూస్తే, అప్పుడే కోసుకున్నట్టు ఎర్రగా తెరుచుకుని ఉంది.

“ఎప్పుడు కోసుకున్నావు? బస్సులోనా?”

“మీరంతా వెళ్ళిన మర్నాడు,” అంది. “బెండకాయలు తరుగుతూ.”

నా నాలుక చివరకు ఒక మాట వచ్చి ఆగింది. ఆ మాటను మింగేసి, వేడినీళ్ళు తెచ్చి కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టాను. మర్నాడు విప్పి చూశాను. ఆ మర్నాడూ చూశాను. వారం తిరిగేసరికి దాని మీద ఆవగింజంత పెచ్చు కట్టింది. వకుళ కిటికీ దగ్గర కూర్చుని, ఎండలో వేలు అటూ ఇటూ తిప్పి చూసుకుని, చిన్నపిల్లలా ఆ పెచ్చును గిల్లబోయింది.

చేతి మీద ఒక్కటిచ్చాను.